వాకిట్లో నా చెప్పులు

జనవరి 9
ప్రొద్దుటూరు స్టేషనులో ఈరోజూ సంతకం పెట్టాను. బెయిలిచ్చారు గానీ, కేసు తేలేదాకా మా ఊరి పొలిమేర తొక్కకూడదు. ఊళ్లో బాంబులు పడ్డ పొద్దున నేను పులివెందులలో పెళ్లి వడ్డనలో ఉన్నాను. అయినా సాక్షి — "కండ్లారా చూసినా సార్, ఈయప్పే." ఎదుటి పార్టీవాళ్లు మా వీధి మగవాళ్లందరి పేర్లూ రాయించారు. ఎప్పుడూ అంతే.

ఇంట్లో సుభద్ర ఒక్కతే. ఆమె రొట్టె తట్టే చప్పుడు వినాలని ఉంది. చప్పుడు కోసం ఏడ్చానంటే ఎవరు నమ్ముతారు?

జనవరి 17
బజారులో మా ఊరి గాజుల మస్తానమ్మ. "నిన్న మీ మిద్దె మీద పండుకోనుంటివే నాయనా! ఈడికి ఎప్పుడొచ్చినావు?"

నేను ఇక్కడి నుంచి కదిలితే గదా.

జనవరి 20
బావమరిది ఓబులేసు జమ్మలమడుగు నుంచి వచ్చాడు. మస్తానమ్మ మాట అడిగితే ఒకటే నవ్వు. "అదంతా అక్క పని బావా. నీ చొక్కాలో గడ్డి కూరి, మిద్దె మీద మంచంలో పెట్టి దుప్పటి కప్పుతాది. వాకిట్లో నీ చెప్పులు పెడతాది. మగోడు ఉండాడని వాళ్లు జంకాల గదా!"

నేనూ నవ్వాను. నా సుభద్ర శానా గట్టిది.

జనవరి 28
చెప్పులు వాకిట్లో ఉన్నాయంటే... మనిషి లోపల ఉన్నట్టే.

ఫిబ్రవరి 2
మరి సాక్షి చూసింది ఎవరిని? గడ్డి బాంబు వేస్తుందా? నాలాంటివాడు ఒకడున్నాడు. ఆరోజు వేసిందీ వాడే, ఇప్పుడు నా మంచం మీద పడుకున్నదీ వాడే. ఓబులేసు పిచ్చివాడు, వాడికేం తెలుసు.

ఫిబ్రవరి 3
వాడికి వేడి రొట్టె. నాకు హోటలు అన్నం.

ఫిబ్రవరి 11
"పులివెందులకు పోదాం దా బావా. డాక్టరుకు సూపిస్తా" అంటాడు ఓబులేసు. నాకేం జబ్బు? ఇంటి మీద బెంగ, అంతే. ముందు నా ఇంట్లో ఉన్నవాణ్ని పట్టుకోమను.

ఫిబ్రవరి 16
ఊరికి వెళ్లాను. సంతకం పెట్టి, తలకు తువ్వాలు చుట్టి, మధ్యాహ్నం బస్సుకు. వాకిట్లో నా చెప్పులు, శుభ్రంగా తుడిచి. లోపల రొట్టె తట్టే చప్పుడు... తలుపు తట్టాను. చప్పుడు ఆగింది.

"ఎవరప్పా? మా ఆయన ఇంట్లోనే ఉండాడు. రొట్టె తింటాండాడు."

ఎంత ధీమాగా చెప్పింది! ఎంత ప్రేమగా... నేనే అని చెప్పాలనుకున్నాను. తినే మనిషిని మధ్యలో లేపడం ఎందుకని వచ్చేశాను.

ఫిబ్రవరి 17
స్టేషను మెట్ల మీద కూర్చున్నాను. కానిస్టేబుల్ పిలుస్తున్నాడు — "సంతకం పెట్టి పోప్పా. లేకుంటే బెయిలు పోతాది."

పెన్ను చేతిలోనే ఉంది. ఆ పేరుగలవాడు ఇంట్లో ఉన్నాడు, సుభద్రే చెప్పింది. నేను ఎవరి పేరు రాయను...