అత్తయ్య కోళ్ళు, నువ్వు పంపిన ఉప్పుచేప

అక్కా,

నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? నూనె రాసుకుంటోందా, లేక సీసా దాచిపెట్టి అయిపోయిందంటోందా? ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని బావగారు నవ్వుతారు, నవ్వనీ. ఈ తోట కాపలాకొచ్చిన మాకు మోటారు షెడ్డు పక్కన ఇచ్చింది ఒకటే గది. ఫోను మాట్లాడితే ప్రతి ముక్కా అత్తయ్య చెవిన పడుతుంది. ఆవిడ వినకూడని సంగతి నీకు చెప్పాలి.

ఇక్కడి ఎండ గురించి ఏం చెప్పమంటావు! నల్లజర్ల దాటి లోపలికొస్తే కనుచూపు మేరంతా పామాయిల్ తోటలే. చూడ్డానికి కంటికి చల్లగానే ఉంటాయి గానీ ఒళ్ళు మాత్రం ఉడికిపోతుంది. మన కొల్లేటి లంకలో ఇంటికి నాలుగు పక్కలా నీళ్ళేనని విసుక్కునేదాన్ని, నా నోరు పడ! ఇక్కడ బోరు ఆడితేనే నీళ్ళు, కరెంటుంటేనే బోరు. పొద్దున్నే గేటు తీయడం, డ్రిప్పు పైపులు చూసుకోవడం, రాలిన పళ్ళు ఏరి సంచులకెత్తడం నా పని. గెలల ముళ్ళకి వేళ్ళన్నీ జల్లెడైపోయాయి. తిండికి మాత్రం లోటు లేదు. బండి మీద అమ్మకానికొచ్చే చేపని మన కొల్లేటి పిల్లి కూడా ముట్టదు, అదొక్కటే దిగులు. బాగానే ఉన్నాం, నువ్వు బెంగపెట్టుకోకు.

అత్తయ్య సంగతికొస్తాను. మా ఆయన చేపల చెరువు మీద నీళ్ళు చిలికే ఏరియేటర్ మోటారు కరెంటు కొట్టి పోయిన దగ్గర్నుంచీ ఆవిడ ఎలా అయిపోయిందో నువ్వు చూశావు. పడుకున్న కొడుకుని "లే నాయనా, ఏరియేటర్లు వెయ్యాలి" అని లేపి పంపింది ఆవిడే కదా. "నేనే లేపానమ్మా, నేనే లేపాను" అని పలకరించడానికొచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే మాట. ఇక్కడికొచ్చాక ఆ మాట కూడా మానేసి గోడ వైపు తిరిగి పడుకుంది. నేను కలిపి నోట్లో పెడితే రెండు ముద్దలు తినేది. ఆవిడ కూడా పోతే నాకింక ఎవరున్నారక్కా ఇక్కడ?

అది చూసి తోట ఆసామిగారి భార్య ఒకరోజు నాలుగు నాటు పెట్టల్ని గంపలో తెచ్చింది. "ఊరికే పడుకుంటే మనిషి పాడైపోద్దమ్మా. ఇయి చూసుకోమను మీ అత్తగారిని" అంది. నాకు ఒళ్ళు మండింది. మనుషులకే దిక్కు లేదు, మళ్ళీ కోళ్ళొకటా అనుకున్నాను. మర్నాడు లేచి చూద్దును కదా, పక్క ఖాళీ! అత్తయ్య బయట చతికిలబడి "బా... బా... బా..." అంటూ నూకలు చల్లుతోంది. ఆ రోజు నుంచి వాటికి ఏం పెడదామా అన్నదే ధ్యాస. కట్టె పుచ్చుకుని చెదపుట్ట తవ్వి, చెదలు మట్టితో సహా చాటలో తెచ్చి పోసేది. ఎర్ర పెట్ట మిగతావాటిని తరిమి తనే తింటుందని దానికి మేస్త్రి అని పేరు పెట్టింది. "ఒసే మేస్త్రీ, నీకొక్కదానికే ఉందంటే పొట్ట?" అని ఒకనాడు పైకే నవ్వింది. ఆ నవ్వు విని గేటు దగ్గర కూర్చుని ఏడ్చాను, సిగ్గులేకుండా.

అంతలో బస్సులో నువ్వు పంపిన ఉప్పుచేప అందింది. నా కోసం పంపావు, నేను తిన్నది రెండు ముక్కలు. "ఈ మెట్ట కోళ్ళు పుట్టి బుద్ధెరిగి చేప రుచి చూళ్ళేదే, పాపం" అని అత్తయ్య తలకాయలూ తోకలూ రోట్లో నలిపి పెట్టడం మొదలెట్టింది. మన లంకలో కోళ్ళు చిత్తుచేపలూ నత్తలూ తిని బలిసేవి కదా, అది చూసిన చెయ్యి మరి. ఉప్పుచేప వేరు, పచ్చిచేప వేరన్నది ఆవిడకి తోచలేదు, నాకూ తోచలేదు. అవి ఒళ్ళోకి ఎగిరొచ్చి మరీ తినేవి. ఆదివారం గుడికి బయల్దేరుతూ "ఇవాళ వాటికీ పండగేనే" అని ఇంకో గుప్పెడు ఎక్కువే వేసింది.

గుళ్ళో అత్తయ్య మా ఆయన పోయాక మొదటిసారి పాట పాడింది. పాస్టరమ్మగారు భోజనానికి ఉండండంటే ఉండిపోయాం. సాయంత్రం తిరిగొచ్చేసరికి కోళ్ళు కాళ్ళు చాపేసి పడున్నాయి. మెడలు వంకర్లు తిరిగిపోతున్నాయి. నీళ్ళ గిన్నె పొడిగా ఉంది. లంకలో మనం కోళ్ళకి నీళ్ళు పెట్టిన పాపాన పోయామా చెప్పు? గట్టు దిగితే నీళ్ళే. ఉప్పు తిని, ఉన్న గిన్నెడూ తాగేసి, ఆ ఎండలో రోజంతా దాహంతో కొట్టుకున్నాయి. గబగబా నీళ్ళు తాగించాం, నిలవలేదు. తెల్లారేసరికి నాలుగూ పోయాయి. మేస్త్రి అత్తయ్య ఒళ్ళోనే పోయింది.

ఆసామిగారి గేదెల్ని చూడ్డానికొచ్చిన పశువుల డాక్టరు గారు అవి చూసి ఏం పెట్టారని అడిగారు. చెప్పాను. "కోళ్ళకి ఉప్పుచేపేంటమ్మా, విషం కదా! అందులోనూ నీళ్ళు లేకుండానా?" అన్నారు. ఆయన గొంతు మైకు. అత్తయ్య లోపల గోడ వైపు తిరిగి ఉంది, నిద్రపోతోందనుకున్నాను. లేచాక "కొక్కెర తెగులంటండీ అత్తయ్యా, చుట్టుపక్కలన్నీ పోతున్నాయంట" అని చెప్పాను. "అలాగా" అంది.

అందుకని అక్కా, ఇక ఉప్పుచేప పంపకు. ఆవిడ ఫోనులో అడిగితే అక్కడా తెగులు తగిలిందనే చెప్పు. అమ్మకి నిజం చెప్పకు, అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. కొడుకుని నేనే పంపానని కుమిలే మనిషి, ఈ నాలుగూ కూడా తన చేత్తోనే పోయాయని తెలిస్తే బతకదు.

ఇంతవరకూ నిన్న రాశాను. ఇవాళ్టి సంగతి కూడా రాసి పోస్టు చేస్తాను.

నిన్న అన్నంలో గోంగూర పచ్చడి వేస్తే అత్తయ్య కంచం అంచుకి తోసేసింది. చారు వద్దంది. నోరు బాగోలేదేమో అనుకున్నాను. పొద్దున్న గంజిలో ఉప్పు వెయ్యబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"వద్దే" అంది.

"ఉప్పు లేకుండా ఎలా తాగుతారండీ? ఇవేమన్నా ఉపవాస దినాలా?"

"ఖాళీ గిన్నె పొడుచుకున్నాయే అవి" అంది. "నాకింక ఉప్పు వెయ్యకు."

గిన్నె నా చేతిలోంచి తీసేసుకుంది. ఆ చప్పిడి గంజి చుక్క మిగల్చకుండా తాగి, గిన్నె కడిగి బోర్లించి, గోడ వైపు తిరిగి పడుకుంది. నేనూ అదే తాగాను.

డాక్టరు గారి మాట ఆవిడ ఆరోజే విందక్కా, నువ్వింక ఏ అబద్ధమూ చెప్పనక్కర్లేదు. ఉప్పు మానేసిన మనిషి ఎన్నాళ్ళు నిలబడుతుందో ఎవరినైనా పెద్దవాళ్ళని అడిగి నాకు రాయి. అమ్మకీ బావగారికీ నా వందనాలు, పిల్లలకి ముద్దులు. ఆదివారం గుళ్ళో అత్తయ్య పేరు చెప్పి ప్రార్థన చేయించు. ఆవిడ మిమ్మల్నందర్నీ అడిగానని రాయమంది అని రాయాలి, కానీ అడగలేదు.

నీ చెల్లి,
సువార్త