డిస్కు మొదట్లో చిన్న ముక్క

జూలై 2
గని ఆఫీసు పారేసిన నాలుగు కంప్యూటర్లు ఈ హిందీ ఊళ్ళోని మా బడికి వచ్చాయి. లోపలంతా ఎర్రదుమ్ము. "సాబ్ ఆనే తక్ చల్నా చాహియే, మేడం" — హెడ్‌మాస్టరు. జిల్లా విద్యాధికారి సాబ్ తనిఖీకి వచ్చేసరికి ఇవి నడవకపోతే మా తెలుగు సెక్షన్‌ను హిందీలో కలిపేస్తారట. నా క్లాసు పిల్లలు, నా ఉద్యోగం… ఈ నాలుగు డబ్బాల మీద.

జూలై 5
ఒకదానిలో లైనక్స్ ఎక్కించాను. ఈ పాత మెషీన్లు స్విచ్ వేసి లేచేటప్పుడు డిస్కు ముందు భాగం దాటి చూడలేవు. అందుకే డిస్కు మొదట్లోనే చిన్న ముక్క, అంటే పార్టిషన్, విడిగా కోసి, లేపే ఫైళ్ళన్నీ అందులో పెట్టాను. మిగతాది పిల్లల పాఠాలకు. లేచింది. ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

జూలై 6
మా మరిదిని పిలిపించాడు హెడ్‌మాస్టరు. నన్ను అడగలేదు. గని ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు కదా, అందరికీ వాడి మాటే వేదం.
"ఏటొదినా, దీనికి ఏరే ముక్కేటి? డిస్కంతా ఒకటే సేసీ. ఒగ్గీ, నాను సూసుకుంతాను."
మిగతా మూడూ అలాగే చేశాడు. లేచాయి. ఖాళీ డిస్కు, అదృష్టం కొద్దీ ఫైళ్ళు ముందే పడ్డాయి. ఆ మాటే చెప్పాను. కుళ్ళు అనుకున్నారు. అనుకోనీ.

జూలై 9
పాఠాలతో డిస్కులు నిండుతున్నాయి. ముందు భాగంలో ఖాళీ మిగలడం లేదు.

జూలై 12, పొద్దున
సాబ్ వచ్చేది ఈరోజే. మరిది తన మూడింటిలోనూ కొత్త కెర్నల్ వేశాడు. లేపే అసలు ఫైలే మారింది… ఈసారి ఎంత వెనక పడిందో. ఒకసారి ఆపి, మళ్ళీ లేస్తాయో లేదో చూడమన్నాను. "నడిసేదాన్ని ఆపడమేటొదినా."

సాయంత్రం
సాబ్ వచ్చాడు. నాలుగూ వెలుగుతున్నాయి. పిల్లలు బొమ్మలు గీసి చూపిస్తున్నారు. కొండ మీద బ్లాస్టింగ్ సైరన్. సైరన్ మోగితే మా బడి ప్యూను కరెంటు మెయిన్ దించేస్తాడు, ఎవరున్నా సరే. ఎన్నాళ్ళ అలవాటో. దించాడు. పేలుళ్ళు అయ్యాక ఎత్తాడు.
నాది లేచింది. మిగతా మూడూ లేపే ఫైలు అందక, తెర మీద ఎల్, ఐ అని రెండక్షరాలు చూపించి ఆగిపోయాయి.
"తెలుగు వాలీ మేడం నే లగాయా" — హెడ్‌మాస్టరు, వేలు నా వైపు. అన్నిటిలో ఎక్కించింది నేనేనట. మరిది గోడ చూస్తున్నాడు.

జూలై 14
మా సెక్షన్ను హిందీలో కలిపేశారు. పనిచేసే ఆ ఒక్కదాన్నీ హిందీ సెక్షన్‌కు మోసుకుపోయారు. నన్ను లైబ్రరీలో కూర్చోమన్నారు. తర్వాత చూద్దామట.

జూలై 17
కంప్యూటర్ గది తాళం మరిదికి ఇచ్చారట. ఇంటికి వచ్చాడు. తల ఎత్తడు.
"ఒదినా, ఆ సిన్న ముక్క ఎలా కోసీవో ఓపాలి సూపించవా."
సిగ్గుండాలి. తలుపు వేసేద్దామనిపించింది.
నా పిల్లలు ఇప్పుడు హిందీ గదిలో వెనక బెంచీ. ఉన్న ఒక్క కంప్యూటరు దగ్గరికి వాళ్ళను రానివ్వడం లేదు. ఆ మూడూ లేస్తే ముట్టుకోనిస్తారేమో. నేర్పితే పేరు వీడికి. నేర్పకపోతే నష్టం వీడికి కాదు.
టీ ఇచ్చాను. నేర్పుతాననీ, నేర్పననీ ఇంకా చెప్పలేదు.