గోడవైపా, ఇటువైపా

లిలువా,
బుధవారం.

అప్పకు,

నీ తమ్ముడు బంగారయ్య దణ్ణం పెట్టి రాస్తున్నాను. ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటి అంటావు. మా ఇంట్లో రెండే గదులు, మధ్యన ఒక్క గోడ. ఆ గోడ అవతలే అమ్ములు ఉంటుంది. ఈ మాటలు అది వినకూడదు. నీ కోడలి చేత చదివించుకుంటావు కదా, ఎక్కడా అనొద్దని ఆ పిల్లకి గట్టిగా చెప్పు.

అమ్ములు చైనా నుంచి వచ్చి నాలుగు నెలలు దాటింది. అక్కడ చిన్నపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేదని నీకు తెలుసు. ఇంకా ఏడాది ఉద్యోగం ఉండగానే వచ్చేసింది. ఎందుకొచ్చావని నేను అడగలేదు. కూతురినైనా సరే, అడగడం నాకు రాదు. వాళ్ళమ్మ ఉండి ఉంటే అడిగేది. ఇప్పుడు పొద్దుటా సాయంత్రం మా సందులో పిల్లలకి ట్యూషను చెబుతోంది. ఒక్క కేక వెయ్యదు. ఇంత ఎండలో కూడా గాజు సీసాలో వేణ్ణీళ్ళు పోసుకుని తాగుతుంది. దీపాలు పెట్టకముందే అన్నం తినేస్తుంది. కూరలమ్మే దాదాతో బెంగాలీ మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఒక చైనా మాట అనేస్తుంది. అతను నవ్వుతాడు, ఇదీ నవ్వుతుంది. పరదేశంలో ఉండి వచ్చిన మనిషికి ఆమాత్రం ఉండదా అనుకున్నాను. వీటికి నేను భయపడలేదు. మధ్యాహ్నానికి భయపడుతున్నాను.

అన్నం తిన్నాక నేను ముందు గదిలో మంచం మీద వాలతాను. కార్ఖానాలో ఉన్నన్నాళ్ళూ దొరకని నిద్ర అది. పిల్ల వచ్చిన కొత్తలో ఒకరోజు ఏదో ముట్టుకున్నట్టయి కళ్ళు తెరిచాను. అమ్ములు నా మీదకి వంగి నిలబడి ఉంది. దాని వేలు నా ముక్కు కింద ఉంది. నా కళ్ళు తెరుచుకోవడం చూసి వేలు తీసేసి లోపలికి వెళ్ళిపోయింది. దోమను తోలిందేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఇప్పుడు నాకు ఆ వేళకి నిద్ర పట్టదు. కళ్ళు మూసుకుని, అది వచ్చి చూసుకుని వెళ్ళేదాకా ఊపిరి మాత్రం బాగా వినపడేలా తీస్తాను.

పోయిన వారం ఒక మధ్యాహ్నం తలుపు సందులోంచి లోపలి గదిలోకి చూశాను. కిటికీకి దుప్పటి కట్టేసి ఉంది. గదంతా మసకగా ఉంది. వాళ్ళమ్మ చీరలన్నీ పెట్టెలోంచి తీసి, పొట్టిగా మడిచి, నేల మీద రెండు వరసల్లో పరిచింది. చిన్నపిల్లల పక్కల్లాగ. ఆ వరసల మధ్య వట్టికాళ్ళతో మెల్లగా నడుస్తోంది. ఒక్కో చీర దగ్గర ఆగి, వంగి, ఏదో సర్దినట్టు చేసి ముందుకు పోతోంది. చివరి పక్క మీద మాత్రం కోల్‌బాలిష్ పెట్టింది. ఇక్కడివాళ్ళు కౌగిలించుకుని పడుకునే పొడుగుపాటి దిండు, నువ్వొచ్చినప్పుడు చూశావు. దాన్ని గోడవైపు తిప్పింది. దూరంగా వచ్చి నిలబడి చూసింది. మళ్ళీ వెళ్ళి ఇటువైపు తిప్పింది. మళ్ళీ వచ్చి చూసింది. ఎంతసేపు అలా చేసిందో.

అది సాయంత్రం పిల్లలకి పాఠం చెప్పడానికి వాకిట్లోకి వెళ్ళాక నేను ఆ గదిలోకి వెళ్ళాను. చీరలు ఇంకా అలాగే ఉన్నాయి. వాళ్ళమ్మ నీలం చీర మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. పక్కది చల్లగా ఉంది. చివరిది, దిండు ఉన్నది, వెచ్చగా ఉంది అప్పా. ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళిన పక్కలాగ. ఆ గదిలోకి ఎండ రాదు.

మొన్న ఆదివారం రామమ్మ వచ్చింది. మా పక్క ఇల్లే వాళ్ళది. వాకిట్లోనే నిలబడి అందరికీ వినబడేలా మొదలెట్టింది.

“ఏటి బంగారయ్యా! మీ పిల్లకి ఏటైనాదా? మద్దేనం తలుపు తోసుకుని వొచ్చి, తొంగున్న మా మనవడి ముక్కుకాడ ఏలెట్టింది. నేను సూడకపోతే ఏటి సేసునో!”

“దోమేమో,” అన్నాను.

“దోమా? సైనా పోయినోళ్ళు గొడుగో గడియారమో తెస్తారు. మీ పిల్ల దేన్ని తెచ్చినాదో! ఇంకోపాలి మా గుమ్మం తొక్కితే సందులో అందరినీ పిలుస్తాను, సెప్పుంచు.”

ఆ మాట అన్న దగ్గర్నుంచి ట్యూషనుకి పిల్లలు తగ్గిపోయారు. కలకత్తా న్యూ టౌన్‌లో ఒక బడివాళ్ళు అమ్ముల్ని ఉద్యోగానికి రమ్మన్నారు. మంచి బడి. నర్సరీ పిల్లల్ని మధ్యాహ్నం కాసేపు పడుకోబెడతారని తెలిసి రానని చెప్పేసింది. ఇలాగే ఉంటే దాని బతుకు ఈ రెండు గదుల్లోనే అయిపోతుంది. లేకపోతే ఎవరో ఒకరు దానిమీద చెయ్యి చేసుకుంటారు. మీ ఊళ్ళో వెంకటేశు గాలీ ధూళీ తీస్తాడు కదా. దానికి తెలియకుండా అతన్ని తీసుకురా. కొడతాడా అన్నది ముందే కనుక్కో. కొట్టనివ్వను. కానీ తీసుకురా.

నీ తమ్ముడు,
బంగారయ్య


లిలువా,
శనివారం పొద్దున్న.

అప్పకు,

ఈ ఉత్తరం స్టేషనులో మనవాడు దుర్గారావు చేతికిచ్చి పంపుతున్నాను. రాత్రి బండికి డ్యూటీ మీద పలాస వస్తున్నాడు. నువ్వు బయల్దేరకముందే అందాలి.

వెంకటేశు ఒప్పుకున్నాడనీ, ఈలోగా గుమ్మానికి నిమ్మకాయ కట్టమనీ రాయించిన నీ జాబు రెండు వారాలకి నిన్న అందింది. కట్టాను. ముడి వేస్తుండగానే అమ్ములు వెనక నిలబడింది.

“ఏటి నాన్నా అది?”

“నిమ్మకాయ.”

“నిమ్మకాయని తెలస్తంది. ఎవులికి కట్టినావు? దెయ్యానికా, నాకా?”

అది నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ గుమ్మంలోనే కూలబడి ఏడిచింది. నేను పక్కన కూర్చున్నాను. ఎవరూ అడక్కుండానే చెప్పింది.

ఆ దేశంలో చిన్నపిల్లల బళ్ళలో అన్నాలయ్యాక అందర్నీ పడుకోబెడతారట. చిన్న చిన్న మంచాలు, ఎవరి బొంత వాళ్ళ ఇంటినుంచి తెచ్చుకుంటారు. తెరలు వేసేస్తారు. ఒక టీచరు కాపలా ఉంటుంది. ఒకరోజు అమ్ములు కాపలా. లేచే వేళకి పాట వేశారు. అందరూ లేచారు. చివరి మంచం మీద లెలె అనే పిల్లవాడు లేవలేదు. నాలుగేళ్ళవాడు. పుట్టుకతోనే గుండెలో ఏదో ఉందట, పెద్ద డాక్టర్లు చూశాక గాని ఎవరికీ తెలియలేదు. నీ తప్పు లేదని బడివాళ్ళన్నారు, డాక్టర్లన్నారు. పిల్లవాడి తల్లి కూడా తిట్టలేదు. అమ్ముల్ని ఒక్కటే అడిగింది.

వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడా, ఇటువైపు తిరిగి పడుకున్నాడా అని.

ఇంట్లో వాడు ఎప్పుడూ తల్లివైపే తిరిగి పడుకునేవాడట. కోపం వచ్చినా ఏడుపొచ్చినా మాత్రం గోడవైపు తిరుగుతాడు. ఆ పొద్దున్న బడికి రానని ఏడిస్తే, ఆవిడకి ఆలస్యమై, విసుక్కుని లోపలికి తోసి వెళ్ళిపోయిందట. అందుకని అడిగింది. లేపడానికి పరుగెత్తినవాళ్ళు అటూ ఇటూ తిప్పేశారు. అంతకు ముందు ఎలా ఉన్నాడన్నది అమ్ములికి తెలియదు. పిల్లలు నిద్రపోయే వేళకి అది ఫోనులో మాట్లాడుతోంది. బడిలో అది కూడని పని.

“గుర్తులేదమ్మా అని సెప్పీసినాను నాన్నా. పరవాలేదు, గుర్తొచ్చినప్పుడు సెప్పండి అన్నాది,” అంది.

ఫోను తీసి చూపించింది. ప్రతి నెలా ఆవిడ దగ్గర్నుంచి ఒక్క వరస. గీతలూ గళ్ళూ ఉన్న ఆ అక్షరాలు నాకేం తెలుస్తాయి? అమ్ములు చదివింది. “టీచరుగారూ, గుర్తొచ్చిందా?” అంతే. ప్రతి నెలా అదే వరస. వీధిలో మనిషి గుమ్మం బయట నిలబడి మెల్లగా తలుపు కొట్టినట్టు.

“తిడితే బాగుణ్ణు నాన్నా. తిట్టదు. అందుకే రోజూ ఆ బడి గదిలాగ పక్కలు పరుస్తాను. అన్నీ అలాగే పెడితే ఎప్పుడో ఒకప్పుడు వాడెలా తొంగున్నాడో కనిపిస్తాడని.”

“కనిపించాడా?” అని అడిగాను.

“వస్తాడు. తొంగుంటాడు. మొగం మాత్రం కనిపించదు,” అంది. మామూలుగా అంది, కూరలోకి ఉప్పు కావాలన్నట్టు.

అప్పుడు నేను అడిగాను, ఆ వేళ ఫోనులో ఎవరితో మాట్లాడుతున్నావని. చెప్పింది. అది విన్నాక నాకు ఒకటి గుర్తొచ్చింది. అది నీకు ఇప్పుడు రాయను అప్పా. ముందు రాయవలసిన మనిషి ఇంకొకరున్నారు. నిమ్మకాయ తీసేశాను. వెంకటేశును ఆపు. నీకు రావాలనిపిస్తే ఒక్కదానివే రా.

నీ తమ్ముడు,
బంగారయ్య


లిలువా,
ఆదివారం.

చైనా దేశంలో ఉన్న లెలె తల్లిగారికి,

అమ్మా, నేను అమ్ములు తండ్రిని. మీ భాష నాకు రాదు. నేను తెలుగులో రాస్తాను, ప్రతి మాట కిందా మా అమ్మాయి మీ భాషలో రాస్తుంది. రాతలో తప్పులుంటే నావి. పల్లెటూరి బడిలో అయిదో తరగతి వరకే చదివాను. రైలుపెట్టెలు బాగుచేసే కార్ఖానాలో సుత్తి చప్పుళ్ళ మధ్య పనిచేసి చెవులు పోయాయి. అందుచేత ఫోనులో గట్టిగా అరుస్తాను.

ఆ రోజు మా అమ్మాయి మాట్లాడింది నాతోనే. మీకు మధ్యాహ్నమైతే మాకు పొద్దుటి పూటే. వాళ్ళమ్మ పోయిన తిథి ఆ వేళ. ఒక్కణ్ణీ ఉంటానని అమ్ములు ఫోను చేసింది. నేను మామూలుగా అరుస్తున్నాను. “మెల్లగా నాన్నా, పిల్లలు తొంగుంటున్నారు, సూడు,” అని ఫోను అటు తిప్పింది. ఫోను బొమ్మలో వాళ్ళు నాకు, నేను వాళ్ళకి కనిపిస్తున్నాం. దానికి ఆ బొమ్మ కనిపించదు. పెద్ద టీచరు వస్తుందేమోనని అది తలుపువైపు చూస్తూ ఉంది. గదంతా నేనే చూశాను.

మంచాల మీద అందరూ కళ్ళు మూసుకున్నారు. చివరి మంచం మీద ఒక్క బాబు మేలుకుని ఉన్నాడు. పసుపుపచ్చ బొంత. దాని మూల ఒక బొత్తాం ఊడి దారం వేలాడుతోంది. గోడ వాడి వీపు వెనకాల ఉంది అమ్మా. వాడు ఇటువైపే తిరిగి ఉన్నాడు. ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు. “ఎందరున్నార్రా!” అని నేను మళ్ళీ అరిచాను. వాడు రెండో చెయ్యి బొంతలోంచి తీసి, నోటి మీద వేలు పెట్టుకుని, మాట్లాడొద్దని నాకు చెప్పాడు. ముసలివాణ్ణి, సిగ్గుపడ్డాను. నేను కూడా నోటి మీద వేలు పెట్టుకున్నాను. వాడికి నవ్వొచ్చింది. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదిలేలా నవ్వాడు. బొంత ముక్కు దాకా లాక్కుని కళ్ళు మూసుకున్నాడు. అమ్ములు ఫోను ఇటు తిప్పేసుకుంది.

నేను చూసింది అంతే. తరవాత ఏమైందో నాకు తెలియదు, తెలియనిది రాయను. ఏడుపు మొహం మాత్రం కాదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే నన్నెవరూ అడగలేదు. అడగనిదే మాట్లాడే అలవాటు నాకు లేదు. పిల్లవాడు పోయిన సంగతే నాకు మొన్నటిదాకా తెలియదు. అమ్ములు కూడా మొదట నమ్మలేదు. “నన్ను ఊరుకోబెట్టడానికి సెప్తన్నావా నాన్నా?” అంది. బొత్తాం సంగతి చెప్పాను. అది లేచి పెరట్లోకి వెళ్ళి, చాలాసేపు అక్కడే నిలబడింది. ఆ బొత్తాం కుట్టి ఇస్తానని వాడికి మాటిచ్చిందట.

ఇవాళ మధ్యాహ్నం మా అమ్మాయి పడుకుంది. వచ్చిన దగ్గర్నుంచి పగలు కళ్ళు మూసింది ఇదే. చీరలు పరవలేదు, కిటికీ తెరిచే ఉంది. నేను గుమ్మంలో కాపలా కూర్చున్నాను. రామమ్మ అని పొరుగావిడ, కోపం తగ్గిందేమో, గిన్నెలో ఏదో పట్టుకొచ్చి దూరంనుంచే కేకేసింది. నేను నోటి మీద వేలు పెట్టి చూపించాను.

“ఎవులు తొంగున్నారేటి?” అంది, గొంతు తగ్గించి.

రెండు వేళ్ళు ఎత్తాను. ఎందుకెత్తానో నాకే తెలియదు. వెంటనే ఒకటి ముడిచేశాను. వెనక్కి తిరిగి చూడలేదు, అమ్మా. నాకు భయం వెయ్యలేదు.

ఈ చివరి మాటలు మీ భాషలోకి రాస్తుందో మానేస్తుందో అమ్ములు ఇష్టం.

మీ బాబు మాట విని నోరు మూసుకున్న ముసలివాడు,
బంగారయ్య