చిన్ని ఎత్తు కార్డు

మంగళవారం, కరీంనగర్

నా రాత వంకర, తప్పులుంటయి. ఎవరన్న చూస్తే నవ్వకున్రి.

ఇయ్యాల నేను ఆయాగ చేసే శిశుగృహంల మేడం ఫోన్‌ల ఫోటో చూపెట్టింది. మా చిన్ని! ఇటలీ వాళ్లు దత్తత తీస్కపోయి ఎనిమిది నెలలే. గోడకు నిలవెట్టి, తల కాడ పెన్సిల్ గీతలు గీసిండ్రు. అప్పుడే అరజానెడు పెరిగింది.

"వాళ్లు తీస్కపోయిన్నాడు కొలిస్తే, నువ్వు ఎత్తు కార్డుల రాసినదానికంటే పొట్టిగుండెనట గదా రాణీ?" అన్నది మేడం.

పిల్లను కొలిస్తే ఎదుగుడు ఆగుతదని మా అవ్వ అనేది. గా భయానికి నేను కొలవకుండనే, నెలనెలా జరంత కలిపి రాసేదాన్ని.

"ఫికర్ చెయ్యకు. ఇల్లు దొరికితే పిల్లలు గట్లనే గబగబ ఎదుగుతరు" అన్నది మేడం.

మరి రెండేండ్లు నా సంకల ఉన్నది ఇల్లు కాదా? నిజం రాస్తే, పిల్ల ఎదుగుతలేదని డాక్టరమ్మ అప్పుడే చూసేదా? సంతోషపడాల్నో ఏడువాల్నో తెలుస్తలేదు. మా ఆయనకు చెప్పబోయి ఆగిన.

ఇప్పుడున్న పిల్లల కార్డులు గూడ నేనే రాసిన. చెప్తే పని పోతది.

ఈ కాగితం దొరికినోళ్లు పొయ్యిల పెట్టున్రి. రేపు మాత్రం టేపు పట్టుకొని అందరిని కొలుస్త. అవ్వ మాట నిజమైతే ఎట్ల...