ఈతలగూడ స్టేజీ

3 జూలై 2011, ఆదివారం

మా ఈతలగూడకు బస్సొస్తుందట! నెల రోజులు ట్రయల్. ఊళ్లో ఐదొందల మంది కూడా లేరు, టికెట్లు తెగితేనే ఉంచుతామన్నారట డిపో వాళ్లు. నాయిన కూడా అదే పాట. బస్సు ఉంటేనే చెల్లి బుజ్జికి కాలేజీ, లేకుంటే బంద్. గుండాల చౌరస్తాలో దిగి ఊరిదాకా నడిచేసరికి పిల్లకు చీకటి పడుతోంది. మొన్న కుక్కలు వెంటపడ్డాయట. నాయిన మీద ఒళ్లు మండింది. ఆయన భయం తప్పని కూడా అనలేను.

5 జూలై

బంద్. తెలంగాణ రాష్ట్రం కోసం. ఆఫీస్ క్యాబ్ రాలేదు. మాదాపూర్ హాస్టల్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. మా టీమ్‌లో రాబిన్‌ది భీమవరం. ఫోన్ చేసి మీకు రాష్ట్రం ముందొస్తుందా, బస్సు ముందొస్తుందా అండీ అని ఆటపట్టించాడు. రెండూ కావాలన్నాను.

10 జూలై

లింగంపల్లిలో బస్సెక్కి నేరుగా మా ఊళ్లో దిగాను! జన్మలో మొదటిసారి. కూరగాయలమ్మే చంద్రమ్మ బస్సు ముందు అద్దానికి పసుపు రాసింది. బస్సు నిండా మావాళ్లే.

28 జూలై

ఒకటో తారీఖు నుంచి బస్సు తీసేస్తారట. ఈతలగూడలో ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు లేనే లేరని కండక్టర్ టికెట్ మిషన్ చెప్తోందట. ఎట్లా? నేను నిలబడి ప్రయాణం చేశానే! బుజ్జి ఫోన్లో ఏడుపు. ఇగ చాలు, మిషన్ కుట్టుడు నేర్చుకో అన్నాడట నాయిన.

29 జూలై, లంచ్ టైమ్

నా నవల్లో బుక్‌మార్క్‌గా పెట్టుకున్న బస్సు టికెట్ రాబిన్ చూశాడు. మీది ఈతలగూడ కదండీ, దీనిమీద గుండాల చౌరస్తా అని ఉందేమిటి అన్నాడు.

నేనే అడిగాను ఆ టికెట్. పుట్టినప్పటి నుంచి, ఎక్కినా దిగినా, కండక్టర్‌కి చెప్పింది ఆ ఒక్క పేరే. ఛార్జీ కూడా ఒకటే కాబట్టి ఏ కండక్టరూ మళ్లీ అడగలేదు.

30 జూలై

పొద్దున్నే ఊరికి వెళ్లాను. అందరిదీ అదే కథ. ఇన్నేండ్ల సంది నోటికి అదే వస్తది బిడ్డా, మన ఊరి పేరు చెప్తే బస్సుల ఎవ్వలకు ఎరుక అంది చంద్రమ్మ. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా ఊరిని మేమే లెక్కలో లేకుండా చేసుకున్నాం.

నాయిన్ని వెంటబెట్టుకుని డిపోకి పోయాను. సంగతి విని మేనేజర్ సార్ మొదట పగలబడి నవ్వాడు. తర్వాత ఇంకో నెల ఇచ్చాడు.

7 ఆగస్టు

బస్సులో చెవులు చిల్లులు పడ్డాయి. ఒక ఈతలగూడ, రెండు ఈతలగూడ! చంద్రమ్మ అయితే వంకాయలమ్మే గొంతుతో అరిచింది. జర మెల్లగా అమ్మా, నాకు చెవుడు లేదు అన్నాడు కండక్టర్. చంద్రమ్మ ఇంకా గట్టిగా చెప్పింది.

2 సెప్టెంబర్

ఉంచారు!!!

19 సెప్టెంబర్

సకల జనుల సమ్మె. ఇవాళ్టి నుంచి ఆర్టీసీ కూడా. కాలేజీలు ముందే మూతపడ్డాయి. నాయిన గుండాల చౌరస్తాలో ధర్నాకి కూర్చున్నాడట. రాష్ట్రం అయితే రావాల్సిందే, కానీ ఆ బస్సు తిరిగొస్తదో లేదో అని ఫికర్ పడుతున్నాడట. ఆయన నోటి నుంచి ఆ మాట! సంతోషంగా ఉంది, భయంగానూ ఉంది. ఆగిన బస్సుల్లో చిన్న ఊరి బస్సు ఎవరికి గుర్తుంటుంది?

20 అక్టోబర్

ఆర్టీసీ సమ్మె ఆగింది, కాలేజీలు తెరిచారు. బుజ్జి ఫోన్. కాలేజీ నుంచి వస్తూ బస్సులో నిద్రపోయిందట. ఈతలగూడ, ఈతలగూడ దిగేటోళ్లు అని కండక్టర్ అరిస్తే లేచిందట.