ఇంటి వార్డెన్

హాస్టల్ వార్డెన్ గారికి,

నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నాను, నేను ఉత్తరాలు రాసే మనిషిని కాదు, సిటీ బస్సు నడిపే మనిషిని. పొద్దున్న ఊరంతా దుప్పట్లో ఉండగా డిపోకి పోతాను, ఊరంతా భోంచేశాక ఇంటికొస్తాను. మధ్యలో ఎంతమందిని వాళ్ల వాళ్ల ఇళ్లకి చేరుస్తానో లెక్కే లేదు.

నాకు ఒక్కతే కూతురు. పదేళ్లు. వాళ్ల నాన్న వేరే కాపురం పెట్టుకుని చాన్నాళ్లయింది. ఆయన సంగతి రాస్తే కవరు బరువెక్కుతుంది, స్టాంపు దండగ. పిల్ల బడి నుంచి వచ్చి, మెడలో కట్టుకున్న తాళంచెవితో తలుపు తీసుకుంటుంది. ఒక్కతే తింటుంది, ఒక్కతే చదువుకుంటుంది. మొన్న బస్సు చెడిపోయి నేను తొందరగా ఇల్లు చేరితే లోపల మాటలు వినిపించాయి. ఎవరొచ్చారా అని తొంగిచూస్తే, బళ్లో జరిగిందంతా ఫ్రిజ్‌కి చెప్తోంది. అది గుర్రుమన్నప్పుడల్లా "ఆగు, నన్ను పూర్తిగా చెప్పనీ" అంటోంది. ముందు నవ్వొచ్చింది. తర్వాత మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

మీ దగ్గరైతే తోటిపిల్లలుంటారు, వేళకి తిండి ఉంటుంది, మాట్లాడితే బదులిచ్చేవాళ్లు ఉంటారు. పంపడానికి నాకు మనసు రావట్లేదు, ఉంచుకుందామంటే దాని మొహం చూడలేకపోతున్నాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సీటుంటే చెప్పండి. లేదన్నా ఫర్వాలేదు, హమ్మయ్య అనుకుంటాను.

ఇట్లు,
పాప వాళ్లమ్మ

తా.క.: ఆఖరి స్టాపులో స్టీరింగ్ మీద కాగితం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు కుంటితే తప్పు ఇంజనుది. వెనక సీట్లో పెద్దాయన "కానీ తల్లీ, మీ అమ్మాయి అక్కడ సుఖంగానే ఉంటుంది, ముందు బస్సు తియ్" అంటున్నాడు. నా భుజం మీదనుంచి చదివేశాడు కాబోలు.

*

పాప తల్లిగారికి,

ఆశీస్సులు. మీ ఉత్తరం చదవడానికి భూతద్దం, ఓపిక రెండూ కావలసి వచ్చాయి.

సీటుంది. అయితే అడగ్గానే ఇచ్చేయడానికి ఇది సత్రం కాదు. మా పద్ధతి వేరు. పిల్లని చేర్చుకునే ముందు కొన్నాళ్లు ఇంట్లోనే హాస్టల్ రిహార్సల్ నడపాలి. నడిపే మనిషిని ‘ఇంటి వార్డెన్’ అంటాం. ఇంట్లో ఎవరు ఎక్కువసేపు ఉంటారో వాళ్లే ఇంటి వార్డెన్. అందులో మొహమాటాల్లేవు. మిగిలినవాళ్లు ఎంతటివాళ్లైనా సరే, వార్డెన్ మాట వినాల్సిందే.

రూల్స్ తేలికే. చీకటి పడేలోపు గేటు లోపల ఉండాలి. గంట కొట్టాక అందరూ కూర్చుంటేనే భోజనం, నిలబడి తింటే ఒప్పుకోం. పడుకునే ముందు కాళ్లు కడుక్కోవాలి. ఏడుపొస్తే మూలన నక్కి ఏడవకూడదు. నా గదిలో అందుకని ఒక స్టూలు వేశాను. దాని మీద కూర్చుని ఎంతసేపైనా ఏడవొచ్చు, అభ్యంతరం లేదు.

ఎలా జరుగుతోందో ఇంటి వార్డెన్ నాకు రిపోర్టు రాయాలి. పేరు రాయొద్దు, ‘విద్యార్థిని’ అంటే చాలు. పేరు రాస్తే ప్రేమ అడ్డొచ్చి తప్పులు దాచేస్తారు. రిపోర్టు విద్యార్థినికి చూపించకూడదు. స్టాంపులు అంటించిన కవర్లు జతచేశాను.

శుభం కోరే,
వార్డెన్

తా.క.: గంట లేకపోతే పళ్లెం, గరిటె చాలు. మా గంట పగిలినప్పుడు మేమూ పళ్లెమే కొట్టాం. పిల్లలు ఎప్పటికంటే ముందే పరిగెత్తుకొచ్చారు, ఒట్టి చప్పుడుకే ఆశ ఎక్కువ.

*

పెద్ద వార్డెన్ గారికి ఇంటి వార్డెన్ నమస్కరించి రాసేది,

రిహార్సల్ మొదలైంది. విద్యార్థిని అస్సలు మాట వినట్లేదు.

గేటు రూలు మొదటిరోజే తప్పింది. చీకటి పడ్డాక చాలాసేపటికి వచ్చింది. ఎక్కడికెళ్లావంటే బస్సులో అంది. రోజంతానా అంటే, రోజంతానే అంది. మర్నాడూ అంతే. ఆదివారం కూడా బస్సెక్కి పోయింది.

గంట కొట్టినా రాలేదు. వెళ్లి చూస్తే వంటగదిలో నిలబడి గిన్నెలోంచే తింటోంది. రూలు చెప్తే "కూర్చుంటే మళ్లీ లేవలేను" అంది. అప్పటిదాకా నేను తినలేదని తెలిశాక మాత్రం గబుక్కున కూర్చుంది. ఇప్పుడు రోజూ కూర్చునే తింటోంది కానీ, ముద్ద నోట్లో ఉండగానే నిద్రపోతోంది.

టీ చాలా తాగుతుంది. వద్దంటే పోట్లాడుతుంది. నిద్రలో కుడికాలితో మంచాన్ని తన్ని, "కళ్లు నెత్తికెక్కాయా, పక్కకి తియ్" అని ఎవరినో తిడుతుంది. ఇంకా పెద్ద మాటలు కూడా అంటుంది, అవి నేను రాయను.

మంచి గుణం ఒకటుంది. ఎంత ఆలస్యంగా వచ్చినా నా దగ్గరికి వచ్చి దుప్పటి సర్దుతుంది. నేను నిద్రపోయాననుకుంటుంది. తను వచ్చేదాకా నాకు నిద్ర రాదు.

ఇట్లు,
ఇంటి వార్డెన్

తా.క.: పళ్లెం చప్పుడుకి కిందింటి వాళ్లు పైకొచ్చి "మాకు కూడానా భోజనం?" అని తలుపు కొట్టారు. పెద్దవాళ్లు లేనప్పుడు తలుపు తీయకూడదు కాబట్టి తీయలేదు.

*

ఇంటి వార్డెన్ గారికి,

ఆశీస్సుల సంగతి తర్వాత. ఈ ఉద్యోగంలోనే నా జుట్టు నెరిసింది, కానీ ఇలాంటి పిల్లని నేను చూడలేదు, వినలేదు. పదేళ్ల పిల్ల పొద్దున్నుంచి రాత్రిదాకా బస్సుల్లో తిరగడమేమిటండీ! బడి ఏమైంది? ఎక్కేది మీ బస్సేనా, ఇంకోటా? టిక్కెట్టు ఎవరు కొంటున్నారు? పైగా టీ ఒకటి! పాలు తాగే వయసులో టీ కోసం పోట్లాటా? ఆ తిట్లు మాత్రం మీ డిపోలోంచే వచ్చుంటాయి, నాకు సందేహం లేదు.

మొక్కై వంగనిది మానై వంగుతుందా? మీ మెతకతనమే దాన్ని పాడు చేస్తోంది. తల్లి పస్తుంటే తప్ప కూర్చుని తినని పిల్లకి బుజ్జగింపులు పనికిరావు. ఈసారి ఆలస్యంగా వస్తే వెంటనే తలుపు తీయకండి. కాసేపు బయట ఉంచండి. బుద్ధి దానంతటదే వస్తుంది. ఏడుపు సంగతి రాయనే లేదు, అదీ కనిపెట్టండి.

శుభం కోరే,
వార్డెన్

తా.క.: మొదటి ఉత్తరంలో మీ అక్షరాలు కోడిగీతలు. ఇప్పుడు గుండ్రంగా ముత్యాల్లా ఉన్నాయి. ఈ రిహార్సల్‌తో బాగుపడింది మీరొక్కరే.

మళ్లీ తా.క.: మా పిల్లలందరినీ విహారయాత్రకి తీసుకెళ్లారు. మోకాళ్ల నొప్పులని నన్ను వదిలేశారు. అయినా వేళకి గంట కొడుతున్నాను. కొట్టి, నేనే వెళ్లి అన్ని బెంచీల మధ్య ఒక్కదాన్నీ కూర్చుంటున్నాను. రిపోర్టు ఆలస్యం చేయకండి.

*

పెద్ద వార్డెన్ గారికి ఇంటి వార్డెన్ నమస్కరించి రాసేది,

మీరు చెప్పినట్టే చేశాను. విద్యార్థిని ఆరోజు మరీ ఆలస్యంగా వచ్చింది. లోపల గడియ పెట్టి "గేటు మూసేశాం" అన్నాను. తను నవ్వి, "తప్పయిపోయింది వార్డెన్ గారూ" అంది. మీరు కాసేపు అన్నారు కదా, ఎంతసేపో తెలీక పదిహేడో ఎక్కం మొత్తం చెప్పుకుని తీశాను. మధ్యలో తప్పుపోయి మళ్లీ మొదలుపెట్టాను, అందుకని ఆలస్యమైంది.

తీసేసరికి మెట్ల మీద బ్యాగు తలకింద పెట్టుకుని నిద్రపోయింది. నోరు తెరుచుకుని ఉంది. లేపితే లేవలేదు. నాకు చాలా భయమేసింది. మోయలేను కదా, నేనూ పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. ఇంకెప్పుడూ అలా చేయను. మీరు చెప్పినా చేయను.

బడి గురించి అడిగారు. మానేసి చాలా ఏళ్లయిందట. టిక్కెట్టు తనకి అక్కర్లేదట, కండక్టర్లంతా తెలిసినవాళ్లేనట.

ఏడుపు కనిపెట్టాను. స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పి ఏడుస్తుంది. నీళ్ల చప్పుడుకి నాకు వినపడదనుకుంటుంది. బకెట్టు నిండి పొర్లిపోతున్నా కట్టదు. మీలాగే నేనూ ఒక స్టూలు వేసి, "దీనిమీద కూర్చుని ఎంతసేపైనా ఏడవొచ్చు, అభ్యంతరం లేదు" అన్నాను. కూర్చుని ముందు పకపకా నవ్వింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. ఎందుకని అడిగితే హాస్టల్ గురించి అంది.

ఇట్లు,
ఇంటి వార్డెన్

తా.క.: తిట్లు డిపోవే. బాగా కనిపెట్టారు.

మళ్లీ తా.క.: మీరు ఒక్కరే తింటున్నారని రాశారు. మీ దగ్గర ఫ్రిజ్ ఉంటే దాంతో మాట్లాడండి. అది మధ్యలో లేచి వెళ్లిపోదు.

*

ఇంటి వార్డెన్‌కి,

ఇక గారూ లేదు, గీరూ లేదు. అసలు నువ్వు కన్నతల్లివేనా?

బడి మానేసి ఏళ్లయిందని ఎంత తాపీగా రాశావు! పదేళ్ల పిల్ల ఏళ్ల కిందట బడి మానేస్తే, అసలు చేరిందెప్పుడు? అది మెట్ల మీద స్పృహ లేకుండా పడి నిద్రపోతుంటే నువ్వు లోపల ఎక్కాలు చదువుకుంటున్నావా? బయట ఉంచమన్నది నేనే, కాదనను. ఆ పాపంలో సగం నాదే. ఆ ఉత్తరం వచ్చినప్పటినుంచి నాకు ముద్ద దిగట్లేదు. కుళాయి తిప్పుకుని ఏడుస్తోందంటే ఆ పిల్లకి ఆ ఇంట్లో ఎవరూ లేరన్నమాట. వార్డెన్ ఒకత్తి ఉంది, అంతే.

రిహార్సల్ చాలు. ఈ ఆదివారం నేనే బయల్దేరి వస్తున్నాను. విద్యార్థినిని నాతో తీసుకొచ్చేస్తాను. బట్టలు సర్దిపెట్టు. ఫీజూ వద్దు, నీ సంతకమూ వద్దు. అడ్డం పడ్డావో, మోకాళ్ల నొప్పులున్నా సరే నా సంగతేమిటో చూస్తావు.

వార్డెన్

తా.క.: మా ఫ్రిజ్ పాతది. నేను మాట్లాడటం మొదలుపెట్టగానే ఆగిపోయింది.

*

పెద్ద వార్డెన్ గారికి,

అసలు నువ్వు కన్నతల్లివేనా అని అడిగారు. కాదండి. నాకు పదేళ్లే.

విద్యార్థిని మా అమ్మ. మీ ఉత్తరం వచ్చినరోజు అమ్మ డ్యూటీకి పరిగెడుతూ, "నువ్వే చదివి ఎలా చేయాలో చూడు, నువ్వు చెప్పినట్టు వింటాను" అంది. ఇంట్లో ఎక్కువసేపు ఉండేవాళ్లే వార్డెన్ అని మీరే రాశారు. మా ఇంట్లో ఎక్కువసేపు ఉండేది నేనే. నేను వార్డెన్ అయితే మిగిలింది అమ్మ ఒక్కతే కదండీ. విద్యార్థినికి చూపించకూడదన్నారని రిపోర్టుల సంగతి తనకి చెప్పలేదు. ఇంటి వార్డెన్ గారికి అని మీరు రాసినవన్నీ నాకే అనుకుని నేనే చదివాను.

నేను అబద్ధాలు రాయలేదు. అమ్మ రోజంతా బస్సులోనే ఉంటుంది, నడిపేది తనే కాబట్టి. బడి మానేసింది పెద్దదైపోయింది కాబట్టి. నిద్రలో తన్నేది బ్రేకు.

మీకు దండం పెడతాను, ఆదివారం వచ్చి మా అమ్మని తీసుకెళ్లకండి. రిపోర్టులో తప్పులే రాయాలనుకుని మంచివి వదిలేశాను. అమ్మ వర్షంలో స్టాపు కాకపోయినా ముసలివాళ్ల కోసం బస్సు ఆపుతుంది. అన్ని రకాల హారన్లూ నోటితో కొట్టి చూపిస్తుంది. నాకు జ్వరమొస్తే పాటలు తప్పుగా పాడి నవ్విస్తుంది. ఇవన్నీ ముందే రాసుంటే మీకు కోపం వచ్చేది కాదు.

ఎవరో ఒకరిని తీసుకెళ్లాల్సిందే అంటే నన్ను తీసుకెళ్లండి. నా బట్టలు సర్దేశాను. నాకు ఒక్కదాన్నే ఉండటం అలవాటే. అమ్మకి అలవాటు లేదు. తను ఇంటికొచ్చేసరికి ఎప్పుడూ నేనుంటాను కదా.

ఇట్లు,
ఇంటి వార్డెన్

తా.క.: వార్డెన్ గారూ, కోడిగీతలు చూసి నేనెవరో పోల్చుకునే ఉంటారు. ఈ కవరు డిపో దగ్గర పోస్టుడబ్బాలో వేయమని పాప నా చేతికిచ్చి, "నువ్వు చదవకూడదు, రూలు" అంది. ఇంతా చేసి కవరు అంటించడం మర్చిపోయింది. చదివాను. బస్సు నడిరోడ్డు మీద ఆపేసి మరీ చదివాను. వెనక జనం గోలగోల చేశారు, చేయనీ అనుకున్నాను. ఇంట్లో ఆట ఆడుకుంటున్నాం అనుకున్నాను గానీ, ఇంత జరుగుతోందని నాకు తెలిస్తే ఒట్టు.

సీటు వద్దండి. పగటి డ్యూటీ ఇమ్మని డిపో మేనేజర్‌ని అడిగాను. చూద్దాం అన్నాడు. ఆయన చూద్దాం అంటే చూస్తూనే ఉంటాడు, మనిషి అలాంటివాడు. రోజూ వెళ్లి ఆయన బల్ల ముందు నిలబడతాను. అప్పటిదాకా దాని సాయంత్రాలు మారవు, నావీ మారవు. అది అక్కడ ఒక్కతే, నేను ఇక్కడ బస్సునిండా జనంలో ఒక్కదాన్నే. ఏం చేయను, అంతే.

ఆదివారం మీరు మాత్రం రండి. తిట్టాల్సింది నన్నే కాబట్టి ఎదురుగా కూర్చోబెట్టి తిట్టండి. పిల్లని ఏమీ అనకండి. అది రాసింది నిజమేనండీ. ఖాళీ ఇంటికి రావడం నాకు అలవాటు లేదు. నేను అలవాటు చేసుకోను.