స్వప్న కొన్న కెమెరా

అన్నా,

రెండు రోజులుగా ముసురు. పత్తిల కలుపు తీసుడు ఆగింది. పనిలేక నిన్న నీ బిడ్డ స్వప్న వెంట ఇబ్రహీంపట్నం కెమెరా దుకాణానికి పోయిన. నువ్వు కాలం చేసినంక, నువ్వు చేసిన పెండ్లి ఫోటోలు తీసే పని స్వప్ననే పట్టుకున్నది.

నీళ్లు పడ్డా పాడుకాని చిన్న కెమెరా కొనుమన్న. మంగళస్నానాల పసుపునీళ్లకు నీ కెమెరా ఖరాబైంది నాకు యాదికున్నది.

దుకాణపాయన సుత గదే అన్నడు. "నువ్వడిగిన గీ పెద్ద మిర్రర్‌లెస్ కెమెరా మెడకేస్తె బరువుకు ఒరిగిపోతవ్ చెల్లె."

"ఒరిగితె మా చిన్నాయన లేపుతడు" అని స్వప్న నన్ను చీకటి మూలకు నిలబెట్టి రెండిట్ల ఫోటో తీసింది. చిన్నదాంట్ల నా ముఖం అలుక్కపోయింది. మిర్రర్‌లెస్‌ల గడ్డంల తెల్ల వెంట్రుకలు సుత కనబడ్డయి.

"పందిట్ల గిట్లనే మసక ఉంటది చిన్నాయన. పెండ్లిపిల్ల ముఖం కనబడకపోతె ఫోటో ఎందుకు?"

"మరి పసుపునీళ్లు?"

సంచిల నుంచి నీ కెమెరా తొడుగు తీసింది. ఆ కెమెరా ఖరాబైనంక యూరియా సంచి లోపలి కవరుతోని నువ్వు కుట్టుకున్నదే. చినిగినకాడ కొత్త దారంతోని కుట్టింది.

"ఎవరు నేర్పిండ్రు చెల్లె?" అని దుకాణపాయన అడిగిండు.

"మా బాపు" అన్నది.

ఇయ్యాల పొద్దున మిర్రర్‌లెస్ మెడకేసుకొని ఆరున్నర బస్సుకు మంచాల ఊర్ల పెండ్లికి పోయింది. ఒక్కతే పోయింది.